కాలేజీ వైఫై: సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రావట్లేదు?

చిన్న కాలేజీలో క్యాంపస్ అంతా వైఫై పెట్టాక రోజూ వినిపించే ఫిర్యాదు ఒక్కటే: "నెట్ రావట్లేదు". దానికి అందరూ చెప్పే మందు కూడా ఒక్కటే: లైన్ స్పీడు పెంచండి. అలా డబ్బు పెట్టే ముందు, రద్దీగా ఉన్న వేళ మెయిన్ రౌటర్‌కు ల్యాప్‌టాప్‌ను నేరుగా కేబుల్‌తో కలిపి చూడండి. అక్కడ కూడా నెమ్మదిగా ఉంటే ఒక్కొక్కరికి స్పీడు పరిమితి పెట్టండి, అప్పటికీ చాలకపోతే లైన్ పెంచండి. అక్కడ బాగుంటే మాత్రం తప్పు లైన్‌ది కాదు, కింద చెప్పినవాటిలో ఏదో ఒకటి.

సమస్య: పొద్దున బాగుంటుంది, 11 దాటాక వచ్చినవాళ్లకు కనెక్ట్ కాదు

కనెక్ట్ కాని ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే నంబరు) చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి దానికి అడ్రస్ అందలేదని అర్థం. మామూలు సెట్టింగ్‌లో ఒక నెట్‌వర్క్‌కు వాడుకోగలిగేవి 254 అడ్రసులే. ఒక్కో విద్యార్థికి ఫోన్, ల్యాప్‌టాప్ లెక్కేస్తే 130 మంది రాగానే అయిపోతాయి. పైగా లీజు (ఒక పరికరానికి అడ్రస్ ఇచ్చి ఉంచే గడువు) 24 గంటలు ఉంటే, పొద్దున ఒక్క క్లాసు విని వెళ్లిపోయినవాళ్ల అడ్రస్ కూడా మర్నాటి దాకా ఇంకెవరికీ దక్కదు.

లీజును ఒకటి రెండు గంటలకు తగ్గించండి. నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రసులుండాలో తేల్చే సబ్‌నెట్ మాస్క్‌ను 255.255.252.0 చేస్తే 1022 అడ్రసులు వస్తాయి. ప్రింటర్లు, కెమెరాల వంటి చేత్తో అడ్రస్ ఇచ్చిన పరికరాల్లోనూ ఆ మాస్క్ మార్చడం మరవకండి.

సమస్య: గీతలన్నీ నిండుగా ఉన్నాయి, పేజీ మాత్రం తెరుచుకోదు

ఎక్కువగా వేధించేది ఇదే. మైకులో మాట్లాడితే వెనక బెంచీ దాకా వినిపిస్తుంది, కానీ వెనక బెంచీ నుంచి ఇచ్చే జవాబు మైకు దగ్గరికి చేరదు. యాక్సెస్ పాయింట్‌ను (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బాను) ఫుల్ పవర్‌లో పెడితే జరిగేది అదే. ఫోన్ గీతలు చూపించేది తనకు వినిపించిన సిగ్నల్‌నే. ఫోన్ పంపింది అటు చేరిందో లేదో ఆ గీతలు చెప్పవు.

రెండో కారణం ఛానళ్లు, అంటే సిగ్నల్ నడిచే రేడియో దారులు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి సాధారణంగా 1, 6, 11 మాత్రమే. పక్కపక్కన ఉన్న యాక్సెస్ పాయింట్లు ఒకే ఛానల్ మీద ఉంటే ఒకటి మాట్లాడుతున్నంతసేపూ రెండోది ఆగాల్సిందే.

మేం మొదట చేసిన తప్పు కూడా ఇందులోనే ఉంది. కేబుల్ లాగడం తేలికని ఆరు యాక్సెస్ పాయింట్లనూ వరండాలో వరుసగా బిగించాం. ఒక చివర నిలబడి ఫోన్‌లో వైఫై ఎనలైజర్ తెరిస్తే ఆరూ కనబడ్డాయి. క్లాసులోకి వెళ్లి తలుపేస్తే మాత్రం ఒక్కటీ సరిగ్గా అందలేదు. వాటిని గదుల్లోకి మార్చి, పవర్ తగ్గించి, ఛానళ్లు పంచాక అదే లైన్ మీద ఫిర్యాదులు తగ్గాయి.

వైఫై వాడే ఇంకో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కే ప్రాధాన్యం ఇవ్వండి. 2.4లో ఛానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకండి. చివరి బెంచీ దగ్గర సిగ్నల్ మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) ఉంటే చాలు. మైనస్ 80కి పడిపోతే అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ కావాలి. స్టాఫ్‌కు, ల్యాబ్‌కు, అతిథులకు అంటూ వైఫై పేర్లు పెంచుకుంటూ పోకండి. ప్రతి పేరూ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికి చాటుకుంటూ గాలిలో సమయం తింటుంది. మూడు పేర్లు దాటొద్దు.

సమస్య: హాస్టల్లో ఉన్నట్టుండి చాలామందికి నెట్ పోతుంది

మీ నెట్‌వర్క్ 10తో మొదలవుతుండగా ఫోన్లలో 192.168.0 అడ్రసులు కనబడుతున్నాయా? ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి, కాలేజీ కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు కలిపే రంధ్రంలో) గుచ్చారన్నమాట. అది కూడా అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. దాని మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరు) పట్టుకుని స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) పట్టికలో వెతికితే ఏ పోర్టో, ఏ గదో తెలుస్తుంది. స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (అసలు రౌటర్ తప్ప ఇంకేదీ అడ్రసులు పంచకుండా ఆపే సెట్టింగ్) ఆన్ చేస్తే ఇది మళ్లీ జరగదు. దయచేసి ఆ విద్యార్థిని తిట్టకండి. గదిలో సిగ్నల్ అందకే తెచ్చుకుని ఉంటారు. తర్వాతి యాక్సెస్ పాయింట్ ఆ గది దగ్గరే పెట్టండి.

స్విచ్ లైట్లన్నీ ఆగకుండా ఒకేలా మెరుస్తుంటే ఒకే కేబుల్ రెండు చివరలూ స్విచ్‌లోకే వెళ్లాయేమో చూడండి. స్విచ్‌లో స్పానింగ్ ట్రీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంచితే ఆ లూప్‌ను అదే ఆపేస్తుంది.

సమస్య: యాక్సెస్ పాయింట్ దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవుతుంది

ముందు కరెంటు చూడండి. కేబుల్ ద్వారా కరెంటిచ్చే స్విచ్‌కు ఎనిమిది పోర్టులున్నా, మొత్తం సామర్థ్యం 60 వాట్లే అయితే 15.4 వాట్ల చొప్పున మూడింటికే నిండుగా అందుతుంది. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి దూరం తక్కువే అయినా ఫైబరే వేయండి, పిడుగు పడినప్పుడు రాగి తీగ వెంట వచ్చే దెబ్బ రెండు వైపులా స్విచ్‌లను కాల్చేస్తుంది.