బరంపురం నుంచి కోపెన్‌హాగన్‌కి: నాలుగైదు రోజుల ట్రిప్పు ఎలా ప్లాన్ చేసుకోవాలి

డెన్మార్క్, స్వీడన్, నార్వే మూడు రాజధానులూ ఒక్క వారంలో చుట్టేద్దామని అడిగేవాళ్లు ఒడిశాలోని మన బరంపురం, పర్లాకిమిడి వైపు ఎక్కువయ్యారు. వద్దండి. అమ్మానాన్నల్నో పిల్లల్నో వెంటబెట్టుకుని వెళ్తే పెట్టెలు సర్దడానికీ విప్పడానికే ఓపిక అయిపోతుంది. ఒక్క ఊరు పట్టుకోండి, నాలుగైదు రాత్రులు అక్కడే ఉండండి. మొదటిసారికి నా ఓటు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌కే. ఊరు చిన్నది, నేల చదును, ఎయిర్‌పోర్ట్‌లో మెట్రో ఎక్కితే పావుగంటలో ఊరి నడిబొడ్డున దిగుతాం.

టికెట్ కంటే ముందు వీసా సంగతి చూడాలి. కావలసింది యూరప్‌లో చాలా దేశాలకి ఒక్కటే చెల్లే షెంజెన్ వీసా, ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది కానీ 45 రోజుల దాకా పట్టే వీలుంది, పైగా వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, కాబట్టి మూడు నెలల ముందే కదలండి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్ట్‌కి ఇంకో మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వేలిముద్రలకి మనిషి స్వయంగా వీసా సెంటర్‌కి వెళ్లాలి, అందుకని ఇంట్లో అందరికీ ఒకే రోజు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మన వాళ్లకి అసలు చిక్కు కాగితాల దగ్గరే వస్తుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంక్ ఖాతాలో ఒక్క అక్షరమే ఉంటుంది, ఇక ఒడియాలో ఉన్న పత్రాల్లో పేరు పలికే తీరే వేరు. ఆ పేర్లన్నీ ఒకే మనిషివని కవరింగ్ లెటర్‌లో రెండు ముక్కలు రాసేయండి. ఒడియాలో ఉన్న మ్యారేజ్ సర్టిఫికెట్, భూమి పట్టా లాంటివి ఇంగ్లీషులోకి అనువాదం చేయించి జత చేయండి. సొంత వ్యాపారం ఉన్నవాళ్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఐటీ రిటర్న్స్ పెట్టాలి. అప్లై చేసే ముందు రోజు ఖాతాలో ఒకేసారి పెద్ద మొత్తం వేస్తే అనుమానం వస్తుంది, డబ్బు కొన్ని నెలలుగా అక్కడే కనబడాలి. వీసా చేతికి వచ్చేదాకా క్యాన్సిల్ చేసుకోగలిగే బుకింగులే చేయండి.

ఎప్పుడు వెళ్లాలంటే, మే చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా. జూన్‌లో రాత్రి పది దగ్గర పడేదాకా వెలుతురే ఉంటుంది, పెద్దవాళ్లు మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేచినా తిరగడానికి బోలెడంత పగలు మిగులుతుంది. డిసెంబరులో నాలుగు కాకముందే చీకటి పడిపోతుంది. ఎండాకాలమే కదా అని ఉత్త చొక్కాలతో వెళ్లకండి, సాయంత్రం సముద్రపు గాలి వీస్తే మన కొండల్లోని దారింగ్‌బాడి చలి గుర్తొస్తుంది. స్వెట్టరు, వాన కోటు, అలవాటైన బూట్లు ఉంటే చాలు.

బరంపురం నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్లడం ఒక దారి. భువనేశ్వర్ నుంచి ఢిల్లీ వెళ్లి అక్కణ్ణుంచి ఎక్కడం ఇంకో దారి. ఏదైనా సరే, రైలు దిగిన రోజే విమానం పెట్టుకోకండి. ముఖ్యంగా అక్టోబరులో. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ ఆ నెలలోనే మన తీరాన్ని కొట్టాయి, అలాంటప్పుడు రైళ్లు ఆగిపోతాయి.

బస ఊరి మధ్యలోని నోరెపోర్ట్ స్టేషన్ చుట్టుపక్కల గానీ, అమాగర్ వైపు ఎం2 మెట్రో లైను పక్కన గానీ చూసుకోండి. చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ అయితే మరీ మంచిది, బయట తిండి ఖరీదు గట్టిగానే ఉంటుంది. సూపర్ మార్కెట్‌లో బియ్యం, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. మన ఊరి అప్పడాలు, ఆవకాయ, కందిపొడి గట్టిగా ప్యాక్ చేసి పట్టుకెళ్లండి. కానీ నెయ్యి, పాలకోవా, ఛెనాపోడా మాత్రం పెట్టకండి, పాలతో, మాంసంతో చేసినవి బయటి నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. అమ్మ ప్రేమగా సర్దిన డబ్బా ఎయిర్‌పోర్ట్‌లో పారేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ముందే నచ్చజెప్పండి.

అక్కడ యూరోలు కాదు, డానిష్ క్రోన్ నడుస్తుంది, ఒక యూరోకి సుమారు 7.46. నగదు అవసరం దాదాపు ఉండదు, కార్డుతోనే పనంతా అయిపోతుంది. మన కార్డులకి అంతర్జాతీయ వాడకం ఆపేసి ఉంటుంది, బయలుదేరకముందే యాప్‌లో ఆన్ చేసుకోండి. తిరగడానికి సిటీ పాస్ స్మాల్ అనే టికెట్ తీసుకుంటే ఎయిర్‌పోర్ట్‌తో కలిపి 1 నుంచి 4 జోన్లలో మెట్రో, బస్సు, రైలు అన్నీ వస్తాయి, 24 గంటల నుంచి 120 గంటల దాకా ఉంది. పెద్దవాళ్లు ఒకరితో 12 ఏళ్ల లోపు పిల్లలు ఇద్దరు ఉచితం. మెట్రోకి డ్రైవర్ ఉండడు, పిల్లల్ని ముందు అద్దం దగ్గర కూర్చోబెట్టండి.

దిగిన రోజు ఏమీ పెట్టుకోకుండా నూహావన్ అనే పాత రేవు దగ్గర పడవ ఎక్కండి, గంటసేపు కూర్చునే ఊరంతా చూడొచ్చు. రెండో రోజు రోసెన్‌బోర్గ్ కోట, పక్కనే గుండ్రటి గోపురం రుండెటోర్న్. ఈ గోపురం 1642లో పూర్తయింది. పైకి వెళ్లడానికి మెట్లు కాదు, గోడ చుట్టూ తిరుగుతూ పోయే ఇటుకల వాలుదారి ఉంటుంది, ఏడున్నర చుట్లు. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు కూడా కిటికీల దగ్గర ఆగుతూ ఆగుతూ ఎక్కేయగలరు, చివర్లో మాత్రమే కాసిని మెట్లున్నాయి. ఈ రెండూ కట్టించిన రాజు నాలుగో క్రిస్టియన్. మన బంగాళాఖాతం ఒడ్డునే, తమిళనాడు తరంగంబాడిలో 1620లో డేన్‌లు కోట కట్టింది ఆయన కాలంలోనే. నాకు రోసెన్‌బోర్గ్ కోటలో నిలబడితే ఆ సంగతే మనసులో మెదులుతుంది.

మూడో రోజు రైల్లో స్వీడన్ వెళ్లి రండి. 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీదుగా మాల్మో నలభై నిమిషాలు. అదే వీసా చెల్లుతుంది, పాస్‌పోర్టులు మాత్రం వెంట ఉండాలి. నాలుగో రోజుకి టివోలి పార్కు ఉంచుకోండి, 1843 నుంచి ఉన్న పార్కు. జూన్‌లో అయితే లైట్ల అందం కావాలంటే రాత్రి తొమ్మిదిన్నర దాటాక కూడా ఉండాలి. ఏడాదంతా తెరిచి ఉండదు, తేదీలు చూసుకోండి. చాలా మ్యూజియంలకి సోమవారం సెలవు.

అందరికీ గట్టిగా చెప్పాల్సింది సైకిళ్ల దారి గురించి. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య ఉంటుంది, సైకిళ్లవాళ్లు జోరుగా వస్తారు. బస్సు దిగగానే చాలాచోట్ల కాలు పడేది నేరుగా ఆ దారిలోనే, ఫొటో తీస్తూ అందులోకి వెనక్కి నడవకండి. పిల్లల చెయ్యి పట్టుకునే దించండి.

కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, ఇంటి నుంచే సీసాలు పట్టుకెళ్లండి. అక్కడ కొన్న కూల్‌డ్రింక్ సీసాలు పారేయకుండా సూపర్ మార్కెట్‌లో ఉండే మెషీన్‌లో వేస్తే, సీసా రకాన్ని బట్టి 1 నుంచి 3 క్రోనర్ల దాకా తిరిగి ఇస్తారు, ఆ స్లిప్పు కౌంటర్‌లో చూపించాలి. ఆఖరి రోజు ఎయిర్‌పోర్ట్‌కి బయలుదేరే ముందే ఆ పని పిల్లలకి అప్పజెప్పండి.