మొదటి లైవ్‌కి బయలుదేరే ముందు

టీవీ రిపోర్టర్‌గా మొదటిసారి లైవ్ ఇవ్వబోతున్నారా? ఆఫీసు గుమ్మం దాటకముందే ఇవి చూసుకోండి.

☐ రెండు బ్యాటరీలు, ఖాళీ మెమరీ కార్డు, ఛానల్ లోగో ఉన్న మైకు, ఇయర్‌ఫోన్.

☐ లైవ్ కిట్‌లో (మొబైల్ సిగ్నల్ మీద వీడియోను స్టూడియోకి పంపే పరికరం) ఒక్క కంపెనీ సిమ్‌నే నమ్ముకోవద్దు. సభ దగ్గర జనం పెరిగేకొద్దీ సిగ్నల్ పడిపోతుంది.

☐ పది సెకన్లు రికార్డు చేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. కెమెరాలో సౌండ్ మీటర్ కదులుతోంది కదా అని సరిపెట్టుకోవద్దు. నేనొకసారి అలాగే సరిపెట్టుకున్నాను. చేతిలో మైకు ఆన్ కాలేదు; కెమెరా మైకు మాత్రం పక్కనున్న జనరేటర్ మోతను శుభ్రంగా పట్టింది. రైతు చెప్పిన మాట ఒక్కటీ దక్కలేదు.

☐ యాంకర్ మాట కాస్త ఆలస్యంగా చెవిన పడుతుంది. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగండి, టెన్షన్‌లో మధ్యలో అందుకోవద్దు.

☐ పేర్లు, ఊళ్లు చీటీ మీద రాసుకోండి. మృతుల సంఖ్యయితే ఎవరు చెప్పారో కూడా.

☐ లైంగిక దాడి కేసుల్లో ముఖం బ్లర్ చేస్తే సరిపోదు. ఇల్లు, వీధి, బడి, అమ్మానాన్నల ముఖాలు, అన్నీ ఆనవాళ్లే. బాధితులు పిల్లలైతే వాళ్లను గుర్తుపట్టే వివరాలేవీ చూపకూడదని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం, 23వ సెక్షన్ చెబుతోంది. కెమెరామన్‌కి ఈ సంగతి దారిలోనే చెప్పండి, అక్కడికెళ్లాక మర్చిపోతాం.

☐ వానాకాలమైతే గొడుగు. ముందు కెమెరాకి, తర్వాతే మీకు.