ఇంటింటి సర్వేలో వైకల్యం గురించి ఎలా అడగాలి

సోషల్ వర్క్ చదివి మొదటిసారి ఫీల్డుకు వెళ్లే పిల్లలు నన్ను తరచూ అడుగుతారు: "మేడమ్, ఇంట్లో వికలాంగులున్నారా అంటే లేరంటున్నారు, ఏం చెయ్యాలి?" ఆ ప్రశ్నే అడగకండి. ఉట్నూరు వైపు ఒక గూడెంలో నేనూ అలాగే అడిగాను. కోడలు లేరంది. మేం మాట్లాడుతుండగానే అరుగు మీదున్న ముసలామె లేచి, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లింది. "ఆమెకు వయసైపోయింది, అంతే" అంది కోడలు. నేను ఫారంలో సున్నా వేసి వచ్చేశాను. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2.21 శాతమే అని చదివినప్పుడల్లా నాకు ఆ సున్నా గుర్తొస్తుంది.

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ ఆరు ప్రశ్నలు తయారుచేసింది. వాటిలో వైకల్యం అన్న మాటే లేదు. కళ్లద్దాలు పెట్టుకున్నా చూడడం కష్టంగా ఉందా? చెవి మిషన్ పెట్టుకున్నా వినడం కష్టమా? నడవడం, మెట్లెక్కడం? గుర్తుపెట్టుకోవడం, ధ్యాస నిలపడం? స్నానం చెయ్యడం, బట్టలు కట్టుకోవడం? మీ మామూలు భాషలో మీ మాట ఎదుటివాళ్లకు, వాళ్ల మాట మీకు అర్థం కావడం? జవాబులు నాలుగు: కష్టం లేదు, కొంచెం కష్టం, చాలా కష్టం, అసలు చేతకాదు. ఆరింటిలో ఒక్కదానికైనా చివరి రెండింటిలో ఏదో ఒకటి వస్తే ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవాలి. ముందు ప్రశ్నను అచ్చులో ఉన్నట్టే చదవండి. మెట్లే లేని ఊళ్లో అర్థం కాకపోతే, "బోరింగు దాకా బిందెతో వెళ్లి రాగలవా అమ్మా" అని విడమరిచి చెప్పండి.

గడప దగ్గరే ఒక మాట తేటగా చెప్పాలి: "నేను రాసుకునే దానివల్ల పింఛను రాదు, పోదు." ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛను 6,000 రూపాయలైంది. అంత డబ్బు ముడిపడి ఉన్నచోట కాగితం పట్టుకొచ్చిన ప్రతి మనిషీ ఆఫీసు మనిషిలాగే కనిపిస్తారు.

జవాబు ఆ మనిషి నోటి నుంచే రావాలి. చెవుడున్న అమ్మాయి బదులు తల్లి చెప్పేస్తుంటే, ఆ అమ్మాయి సైగలు తెలిసిన చెల్లెల్నో, స్నేహితురాలినో పక్కన కూర్చోబెట్టుకోండి. గోండి, కోయ మాట్లాడే ఇళ్లకు ఊరి పెద్ద కొడుకుని దుబాసీగా తీసుకెళ్లకండి. అతని ముందు ఆడవాళ్లు నోరు విప్పరు.

ఆ ఆరు ప్రశ్నలకు అందనివి కొన్నున్నాయి. సికిల్ సెల్ అంటే రక్తకణాలు కొడవలిలా వంకరపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి. మన ఆదివాసీ గూడేల్లో ఉన్న జబ్బు. నొప్పి లేచిన రోజు మంచం దిగలేని కుర్రవాడు మర్నాడు మామూలుగా నడిచొచ్చి "కష్టం లేదు" అంటాడు. అందుకే "పోయిన నెలలో ఎన్ని రోజులు పనికి పోలేకపోయావు?" అని విడిగా అడగండి. అమెరికాలో ఈ జబ్బు ఎక్కువగా నల్లజాతివాళ్లకే ఉంటుంది. నొప్పి అని ఎమర్జెన్సీకి వెళ్తే నమ్మరన్నది అక్కడ వాళ్లు ఏళ్లుగా చెబుతున్న బాధ. అక్కడ జాతి, ఇక్కడ కులం, తెగ. కాబట్టి కులం, తెగ, ఊళ్లో ఇల్లు ఎటువైపు ఉందన్నది తప్పనిసరిగా రాయండి. ఎస్టీ ఆడమనిషి వరసను విడిగా చూడని పట్టిక నా దగ్గరకు తెస్తే వెనక్కి పంపేస్తాను.

ఎక్కువ సమయం ఆసుపత్రి దారి మీద పెట్టండి. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు ఎన్ని బస్సులు మారారు? తోడు ఎవరొచ్చారు, వాళ్ల కూలి ఎంత పోయింది? ఎన్నిసార్లు తిప్పి పంపారు? పింఛనుకు కావలసిన 40 శాతానికి తక్కువ వేస్తే కారణం ఎవరైనా చెప్పారా? ఇక్కడ తొందరపెట్టకండి. నీళ్లిస్తే తాగండి. ఆ ఇంట్లో నీళ్లు తాగుతారా లేదా అని వాళ్లు చూస్తుంటారు.

పేర్లున్న కాగితం ఒక సంచిలో, జవాబులు మరో సంచిలో పెట్టుకోండి. ఫలితాలు వచ్చాక మళ్లీ వెళ్లి, వాళ్ల భాషలో చదివి వినిపించండి. నేను ఆ గూడేనికి రెండోసారి వెళ్లినప్పుడు ముసలామె పక్కనే కూర్చుని మొదటి ప్రశ్న అడిగాను. "నువ్వు మనిషివని తెలుస్తోంది, మొగమైతే లేదు" అంది.