ఎప్పటికల్లా అవుతుందని ఇంగ్లీషులో అడగాలంటే

హైదరాబాదులో మా ప్రింటింగ్ ప్రెస్సుకు కేలండర్లు, శుభలేఖల కార్డులు శివకాశి నుంచి వస్తాయి. నాకు తమిళం రాదు, వాళ్లకు తెలుగు రాదు. రోజూ ఫోనులో ఇంగ్లీషే దిక్కు. అక్కడ నేర్చుకున్నది చెబుతాను.

"ఎప్పుడు అవుతుంది" అన్న తెలుగు వరుసలోనే మాటలు పేరిస్తే "వెన్ ఇట్ విల్ ఫినిష్" అని వస్తుంది. ఇంగ్లీషు ప్రశ్నలో "విల్" ముందుకు జరగాలి: "వెన్ విల్ ఇట్ బి రెడీ?" సరుకు గురించైతే "రెడీ", పని గురించైతే "ఫినిష్డ్". ఆ "బి"ని, చివరి "డ్"ను మింగేయకండి.

"వెన్ విల్ యు ఫినిష్?" అని మాత్రం కొత్తవాళ్లను అడగకండి, నిలదీసినట్టు ఉంటుంది. మనం "ఎప్పుడవుతుందండీ" అంటే ఆ "అండీ"లోనే మర్యాదంతా ఉంది. ఇంగ్లీషులో ఆ పని చేసేది "కుడ్ యు టెల్ మీ". అది ముందు చేరితే "విల్" మళ్లీ వెనక్కి వెళ్తుంది: "కుడ్ యు టెల్ మీ వెన్ ఇట్ విల్ బి రెడీ?" ఈ ఒక్క వాక్యాన్ని పదిసార్లు పైకి అనుకోండి. నేను కాగితం మీద రాసి ఫోను పక్కన అతికించుకున్నాను.

అసలు చిక్కు గడువు దగ్గర. ఒకసారి శుక్రవారానికల్లా కార్డులు కావాలని చెప్పబోయి "అంటిల్ ఫ్రైడే" అన్నాను. శుక్రవారం దాకా పని చేసుకోవచ్చని వాళ్లు అర్థం చేసుకున్నారు. శనివారం పొద్దున పెళ్లికూతురి తండ్రి పసుపు, కుంకుమ పొట్లాలు పట్టుకుని వచ్చి మా బల్ల ముందు కూర్చున్నారు. కార్డులు రాలేదు. ఆయన ముఖం ఇప్పటికీ మరవలేను.

అప్పటి నుంచి ముందు తెలుగులో అనుకుని చూస్తాను. "కల్లా" అనిపిస్తే "బై": "విల్ ఇట్ బి రెడీ బై ఫ్రైడే?" "దాకా" అనిపిస్తేనే "అంటిల్". "రెండు రోజుల్లోపు" అయితే "వితిన్ టూ డేస్". అంతేగాని శుక్రవారం లోపు అన్నాం కదా అని "వితిన్ ఫ్రైడే" అనకూడదు.

ఇంకొకటి. "రెడీ" అంటే సరుకు వాళ్ల దగ్గర సిద్ధమైందని మాత్రమే. లారీ ఎక్కి మన దగ్గరికి రావడం వేరే లెక్క. అందుకే ఫోను పెట్టేసే ముందు ఇదీ అడగండి: "వెన్ విల్ ఇట్ రీచ్ హైదరాబాద్?"