స్కూల్లో మీ పిల్లాణ్ని ఏడిపిస్తున్నారా? ముందు ఒక ఉత్తరం రాయండి

పిల్లలు వాళ్లంతట వాళ్లు వచ్చి చెప్పడం తక్కువ, చాలాసార్లు మనమే కనిపెట్టాలి. పొద్దున నింపిన వాటర్ బాటిల్ అలాగే తిరిగొస్తోందా, ఇంట్లో అడుగుపెట్టగానే బ్యాగ్ పడేసి బాత్రూమ్‌కి పరిగెడుతున్నాడా చూడండి. స్కూల్ టాయిలెట్ మురికిగా ఉండి వెళ్లట్లేదేమో (ఆ సంగతి తెలిసిందేగా), కానీ లోపలికి వెళ్తే పెద్ద క్లాసువాళ్లు బయట గడియ పెడుతున్నారేమో కూడా. ఆదివారం సాయంత్రం కడుపునొప్పి, కొన్న నెలకే జామెట్రీ బాక్స్ మళ్లీ పోవడం, బస్సు వద్దు నువ్వే దింపు అని మారాం చేయడం, ఇవన్నీ పట్టించుకోవాల్సినవే.

"నిన్నెవరైనా కొడుతున్నారా?" అని సూటిగా అడిగితే "లేదు" అనేస్తారు. బస్సులో ఎవరి పక్కన కూర్చున్నావ్, లంచ్ ఎవరితో తిన్నావ్, అని బండి మీద వెళ్తున్నప్పుడో అన్నం తింటున్నప్పుడో మామూలుగా అడగండి. చెప్పడం మొదలెట్టాక "ముందు నువ్వేం చేశావ్?" అని మాత్రం అనకండి, అక్కడితో నోరు మూసుకుంటారు. ఇక "మగపిల్లాడివి, నువ్వూ రెండు తగిలించు" అని నాన్నలూ తాతయ్యలూ ఇచ్చే సలహా ఉంది చూశారూ, దానితో జరిగేదేంటంటే, మనవాడు తిరిగి కొట్టిన ఆ ఒక్క దెబ్బే టీచర్ కంట పడుతుంది, అంతకుముందు నెలల తరబడి తిన్నవి ఎవరి లెక్కలోకీ రావు. మీరే వెళ్లి బస్ స్టాప్‌లో ఆ పిల్లాణ్ని పట్టుకుని దులిపేయడం ఇంకా ఘోరం. గొడవ మీకూ వాళ్ల నాన్నకీ మధ్యకి మారిపోతుంది, స్కూల్ హాయిగా తప్పుకుంటుంది.

నోటిమాటగా క్లాస్ టీచర్‌కి చెబితే "చూస్తాం మేడమ్, పిల్లలన్నాక ఇవి మామూలే" అంటారు. అందుకే రాసి ఇవ్వండి. ప్రిన్సిపాల్ పేరిట ఒక పేజీ చాలు: "మా అబ్బాయి 7వ తరగతి, బి సెక్షన్. ఫలానా తేదీన సాయంత్రం స్కూల్ బస్సు వెనక సీట్ల దగ్గర 9వ తరగతి పిల్లలు ఇద్దరు షూ విప్పించి కిటికీలోంచి విసిరేశారు. డ్రైవర్, ఆయా అక్కడే ఉన్నారు. ఇది మొదటిసారి కాదు." ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు, అంతే. "మీ స్కూల్లో క్రమశిక్షణ లేదు" లాంటి మాటలు వద్దు. కులం పేరుతోనో రంగు గురించో ఏమన్నారో ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి, మొహమాటపడి "అసభ్యంగా" అని చుట్టేయకండి. కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి, వేయబోమంటే అదే మెయిల్ చేయండి. చివర్లో ఏం చేశారో ఎప్పటిలోగా చెబుతారని అడగండి.

ఉత్తరానికి బలం ఎక్కడిదంటే, ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, విడిపోయాక తెలంగాణలోనూ కొనసాగుతోంది. కాలేజీలకే అనుకుంటారు గానీ, అందులోని నిర్వచనం చదువు చెప్పే సంస్థలన్నిటికీ వర్తించేలా ఉంది, హాస్టళ్లూ దాని కిందికే వస్తాయి. ఫిర్యాదు అందాక కూడా పట్టించుకోని సంస్థ అధిపతిని నేరానికి సహకరించినట్టే చూస్తుంది. కాగితం లేకపోతే "మాకు తెలియదే" అనేస్తారు. సీబీఎస్‌ఈ కూడా తన స్కూళ్లకి దీని మీద 2015లో సర్క్యులర్ ఇచ్చింది. ఏడిపించేది టీచరే అయితే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చూపించండి, శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునీ అది నిషేధించింది.

ఇన్‌స్టాలోనో వాట్సాప్ గ్రూపులోనో జరుగుతుంటే, కంగారుపడి డిలీట్ చేయొద్దు. ముందు స్క్రీన్‌షాట్లు, అకౌంట్ పేరు, టైమ్ దాచుకుని తర్వాత బ్లాక్ చేయండి. కానీ పిల్లల అసభ్య ఫొటో ఏదైనా ఉంటే దాన్ని సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, అదే నేరం అవుతుంది. ఫోన్ అలాగే పోలీసుల దగ్గరికి తీసుకెళ్లండి. లైంగికంగా జరిగింది ఏదైనా పోక్సో (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) కిందికి వస్తుంది, "లోపల మాట్లాడుకుందాం" అనే అధికారం ఏ స్కూల్‌కీ లేదు.

హాస్టల్లో ఉంటే కష్టం, ఫోన్ చేసినప్పుడు పక్కన ఎవరో వింటూ ఉంటారు. చేర్పించే ముందే ఒక గుర్తుమాట అనుకోండి. "పచ్చడి అయిపోయింది" అంటే వచ్చి తీసుకెళ్లమని అర్థం, అలా. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ కూడా కంఠస్థం చేయించండి, పిల్లలు నేరుగా చేయొచ్చు. నిద్రపోకపోవడం, చచ్చిపోవాలనుంది లాంటి మాటలు వింటే స్కూల్ సంగతి తర్వాత, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడుతుంది.

టీచర్లకి ఒక్క మాట. ఇద్దర్నీ క్లాస్ ముందు నిలబెట్టి "సారీ చెప్పి చేతులు కలపండి" అనిపించకండి, దెబ్బలు తిన్నవాడికి అది రెండో అవమానం. విడివిడిగా మాట్లాడండి, ఇంటర్వెల్‌లో టాయిలెట్ల వైపు ఒకరు నిలబడండి, బస్సులో చిన్నవాళ్లని ముందు కూర్చోబెట్టండి.

ఏడిపించేది మీవాడే అని ఫోన్ వస్తే? "మావాడు అలాంటివాడు కాదండీ" అనకుండా వినండి. బెల్ట్ తీస్తే, బలమున్నవాడు కొట్టొచ్చని ఇంట్లోనే నేర్పినట్టవుతుంది. చేసిందేంటో వాడి నోటితోనే చెప్పించండి, విరగ్గొట్టిన వస్తువు వాడి పాకెట్ మనీతోనే కొనిపించండి.

చివరికి స్కూల్ "మీ బాబుని వేరే సెక్షన్‌కి మారుస్తాం" అని తేలిగ్గా అంటుంది. మీవాణ్ని అడిగి, వాడికి ఇష్టం లేకపోతే ఒప్పుకోకండి, మార్చాలంటే అవతలివాణ్ని మార్చమని ఆ మాట కూడా రాసే ఇవ్వండి.