బీరు కాచే ముందు గ్యాస్ సిలిండర్, బర్నర్ విషయంలో జాగ్రత్తలు

- పొయ్యి ఆరుబయటే పెట్టండి. సిలిండర్‌లోని గ్యాస్ (ప్రొపేన్ లేదా బ్యూటేన్) గాలికంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. మూసిన గదిలోనో సెల్లార్‌లోనో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ కూడా చేరుతుంది. దానికి వాసన ఉండదు, అదే నాకు అన్నిటికంటే భయం.

- చలి ప్రాంతమైతే ప్రొపేన్ తీసుకోండి. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. పెద్ద బర్నర్‌కు చిన్న సిలిండర్ తగిలిస్తే అది చల్లబడి మంచు పడుతుంది, మంట తగ్గిపోతుంది. అప్పుడు సిలిండర్‌ను వేడి చేయకండి. పెద్ద సిలిండర్ వాడండి.

- 10 కిలోవాట్ల బర్నర్ ఫుల్‌గా మండితే గంటకు సుమారు 800 గ్రాముల గ్యాస్ ఖర్చు. మరిగించడమే గంట నుంచి గంటన్నర, అంతకుముందు వేడెక్కే సమయం వేరు. గ్యాస్ సరిపోతుందా?

- రెగ్యులేటర్ ప్రెజర్ బర్నర్‌కు తగినదేనా?

- జాయింట్లకు సబ్బునీళ్లు రాయండి. బుడగలొస్తే వెలిగించొద్దు.

- 30 లీటర్ల గిన్నె నిండితే 30 కిలోలు దాటుతుంది. స్టాండ్ కదలకూడదు.

- సిలిండర్ నిలువుగా, మంటకు దూరంగా.