ఆస్ట్రేలియా నేరవార్తల భాష – 4వ పాఠం: పోలీసులకు ఉప్పందించేవాడి పేర్లు

గత పాఠంలో జైలు సిబ్బందికి ఖైదీలు పెట్టుకున్న పేర్లు చూశాం. ఈసారి పోలీసులకు ఉప్పందించేవాడిని ఆస్ట్రేలియాలో ఏమేమంటారో నేర్చుకుందాం. ఒక మాట వినగానే అది ఎవరి నోటి నుంచి వచ్చిందో పోల్చుకోగలగడమే ఈ పాఠంలో అలవరచుకోవలసిన నేర్పు.

అందరి నోటా ఉండేది ‘డాబ్ ఇన్’. బడిలో తోటి పిల్లవాడి మీద టీచరుకు చాడీ చెప్పినా, పన్ను ఎగ్గొట్టినవాడి సంగతి అధికారులకు చేరవేసినా ఆ మాటే వాడతారు. ఇంటింటా వినిపించే మాట కాబట్టే, మాదకద్రవ్యాలు అమ్మేవారి సమాచారం కోరుతూ క్రైమ్ స్టాపర్స్ సంస్థ తన ప్రచారానికి ‘డాబ్ ఇన్ ఎ డీలర్’ అని పేరు పెట్టింది.

జైలు గోడల లోపల మాట మారుతుంది. అక్కడ ‘డాగ్’ అంటారు. మనం ఒకరిని కుక్క అంటే అది తిట్టు మాత్రమే. అక్కడి ఖైదీల మధ్య అది ఆరోపణ. వీడు తోటివాడి మీద వాంగ్మూలం ఇచ్చాడనో, కోర్టులో సాక్ష్యం చెప్పాడనో దాని భావం. ఆ పేరు పడినవాడికి దెబ్బలు తప్పకపోవచ్చు, మిగతా ఖైదీలకు దూరంగా రక్షణ విభాగంలో రోజులు వెళ్లదీయవలసి రావచ్చు. అందుకే ఈ మాటను సరదాకైనా వాడవద్దని నా గట్టి సలహా.

‘లాగర్’ పాతది. ద్వీపాంతర శిక్ష పడిన ఖైదీని బ్రిటన్ దొంగలు ‘లాగ్’ అనేవారు. అదే మాట ఆస్ట్రేలియాలో ఒకరిని పట్టించడం అనే అర్థంలోనూ స్థిరపడింది. పోలీసులకు వాడుకగా కబుర్లు మోసేవాడు ‘ఫిజ్‌గిగ్’, పొట్టిగా ‘ఫిజ్’. ‘షెల్ఫ్’, ‘టాప్ ఆఫ్’ అనేవి పాత రచనల్లో ఎదురైతే గుర్తుపడితే చాలు.

ఇక పోలీసుల కాగితాల్లో ఇవేవీ కనిపించవు. అక్కడ రాసేది ‘హ్యూమన్ సోర్స్’. మెల్‌బోర్న్ నేరముఠాల తరఫున వాదిస్తూనే తన కక్షిదారుల గుట్టు విక్టోరియా పోలీసులకు చేరవేసిన న్యాయవాది నికోలా గోబో ఆ దస్త్రాల్లో 3838 అనే సంఖ్య మాత్రమే, పత్రికలకు ‘లాయర్ ఎక్స్’. 2018లో ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు పోలీసుల తీరును తీవ్రంగా తప్పుపట్టింది. 2020 నవంబరులో, ఈ వ్యవహారంపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘమైన రాయల్ కమిషన్ తుది నివేదిక వచ్చింది.

అభ్యాసం: ఒకే మనిషిని అతని పొరుగువాడు, తోటి ఖైదీ, కేసు చూసే డిటెక్టివ్ ఏమని పిలుస్తారో మూడు వాక్యాల్లో రాయండి. జవాబులు 5వ పాఠంలో.